యాడ కోసినారు?

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజు మా పెద్దాడబిడ్డ ఆదోని నుంచి దిగింది. చేతిలో డజను అరటిపండ్లు, ఒక హార్లిక్స్ సీసా. మంచం పక్కన కూర్చొని నా పొట్ట వైపు ఒకసారి, కాళ్ల వైపు ఒకసారి చూసి, "యాడ కోసినారు?" అని అడిగింది.

"యాడా కోయలేదు వదినా. పేగులో గడ్డ, లోపల్నుంచే తీసినారు."

"కోయకుండా ఆపరేషన్ ఏంది? రెండు లక్షలయిందంట కదా!"

ఆమె ఒక్కతే కాదు. పాలు పోసే ఆయమ్మ, ఎదురింటి వాళ్లు, గుడ్డలిచ్చిపోయే ఆడోళ్లు, అందరిదీ అదే ప్రశ్న. చూపించడానికి నా ఒంటి మీద గీత కూడా లేదు. కుట్లు లేవు, కట్టు లేదు. ఒకామె అయితే, "అయితే నా బ్లౌజు ఈ వారం ఇస్తావా?" అనేసింది. పోయిన ఆపరేషన్లో గర్భసంచి తీసినప్పుడు ఇంత కోత ఉండేది, నెల రోజులు నాకు ఎవరూ ఒక్క పని చెప్పలేదు. ఈసారి క్యాన్సర్ అంచు దాకా పోయి వచ్చినా, జలుబు తగ్గిన మనిషిని చూసినట్టు చూసినారు. అందుకే ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తున్నా. మా పాప తప్పులు దిద్దింది.

నాకు 54 ఏండ్లు. కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో మా ఇల్లు. ముప్పై ఏండ్లుగా బ్లౌజులు కుడతా. 2024 సంక్రాంతి పండగప్పుడు దొడ్డికి పోతే మొదటిసారి రక్తం కనపడింది. మొలలు అనుకున్నా. కూర్చొని చేసే పని కదా, మొలలు రాక ఏమొస్తాయి? మా ఇంటాయన కూడా "వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నాడు. తాగినా. సబ్జా గింజలు తాగినా. కరక్కాయ పొడి మింగినా. ఒకాయన మొలలకు మందిస్తాడని ఎవరో చెప్తే పోయి, ఆరు వారాలు పొట్లాలు తెచ్చుకున్నా. ఆయప్ప చూసిందీ లేదు, పట్టిందీ లేదు. చెప్పింది విని పొట్లం కట్టిచ్చినాడు. నాకూ అదే హాయి అనిపించింది, చూపించుకోవాల్సిన పని తప్పిందని.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రక్తంతో పాటు జిగట పడుతుండేది, గంజి మాదిరి. అట్లా జిగట పడితే చూపించుకోవాలని నాకెవరూ చెప్పలేదు, నేను ఎవర్నీ అడగలేదు. లోపల పెరిగే కొన్ని గడ్డలు నీరు, జిగట ఊరుస్తూనే ఉంటాయంట. రెండుసార్లు పోయొచ్చినా ఇంకా లోపల ఏదో మిగిలినట్టే ఉండేది. ఈ మాట ఎవరితో చెప్పేది? గుడ్డ కొలతలు తీసుకుంటూ మాట్లాడే మాటా ఇది?

పద్నాలుగు నెలలు గడిచిపోయినాయి. 2025 శివరాత్రికి మిద్దె మెట్లు ఎక్కితే ఆయాసం. సూదిలో దారం ఎక్కిస్తుంటే కండ్లు మసకలు. మా పాప సచివాలయంలో పని చేస్తుంది. ఒకరోజు నా కింది కనురెప్ప లాగి చూసి, "అమ్మా, తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంది" అని ఆ పూటే రక్తపరీక్షకు తీసుకుపోయింది. హిమోగ్లోబిన్ 8.1. పన్నెండుండాల్సింది. "రక్తం యాడికి పోతాంది?" అని అరిచింది. అప్పుడు చెప్పక తప్పలేదు. పద్నాలుగు నెలలు అని చెప్పేసరికి దానికి నోట మాట రాలేదు. తర్వాత వచ్చిన మాటలు ఇక్కడ రాయను.

కడుపు డాక్టరు కొలనోస్కోపీ చేయాలన్నారు, కింది నుంచి కెమెరా ట్యూబు పంపి పేగు లోపల చూసే పరీక్ష. దాని గురించి అందరూ ట్యూబు అంటే భయపడతారు. అసలు కష్టం ట్యూబు కాదు, ముందు రోజు. రెండు రోజుల ముందు నుంచి పీచు, గింజలు ఏవీ తినకూడదు. జొన్నరొట్టె లేదు, గోంగూర లేదు, శెనక్కాయల చట్నీ లేదు, టమోటా లేదు. మనింట్లో ఇంకేముంటుంది? తెల్లన్నం, మజ్జిగ. ఆ తర్వాత ఒక పెద్ద పొట్లం పొడి రెండు లీటర్ల నీళ్లలో కలిపి, పావుగంటకో గ్లాసు చొప్పున తాగమన్నారు. ఉప్పు కలిపిన నిమ్మకాయ నీళ్లలో సబ్బు పడినట్టు ఉంటుంది రుచి. మూడో గ్లాసుకు వాంతి వచ్చినంత పనయింది. పాప ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా చేసి, ముక్కు మూసుకొని తాగమంది. అట్లా పోయింది లోపలికి.

గంటకు మొదలయింది. మా ఇంట్లో మరుగుదొడ్డి వెనక పెరట్లో ఉంది. మంచానికీ పెరటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగినానో లెక్క లేదు. చివరికి మిషను పక్కన వేసుకునే స్టూలు తీసుకుపోయి పెరటి తలుపు దగ్గరే వేసుకొని కూర్చున్నా. "ఇంకా ఏముంది లోపల, పోయిన జన్మలో తిన్నది కూడా పోయింది" అంటే మా ఇంటాయన నవ్వినాడు. పసుప్పచ్చటి నీళ్లు మాదిరి పోవాలి, అడుగు కనపడాలి, అప్పుడే లోపల శుభ్రమైనట్టు. సరిగా శుభ్రం కాకపోతే లోపల ఏమీ కనపడదు, మళ్లీ ఇదంతా మొదటి నుంచి చేయాల. అందుకని చివరి గ్లాసు కూడా వదల్లేదు.

పరీక్ష నాకు గుర్తులేదు. నిద్రమందు ఇచ్చినారు. లేచేసరికి పాప ముఖం చూసి అర్థమయింది. మలద్వారానికి ఐదు సెంటీమీటర్ల పైన, పేగు లోపలి గోడ మీద పరుచుకొని ఒక గడ్డ. నాలుగున్నర సెంటీమీటర్లు. గడ్డ అంటే నేను గుండ్రంగా నిమ్మకాయ మాదిరి ఊహించుకున్నా. ఫోటో చూస్తే అట్లా లేదు. రాళ్ల మీద పాచి పట్టినట్టు, చిన్న చిన్న గుళికలు గుళికలుగా పరుచుకొని ఉంది. మధ్యలో ఒక బుడిపె.

ముక్క పరీక్షలో ఇంకా పూర్తి క్యాన్సర్ కాలేదు, కానీ ఆ దారిలో బాగా ముందుకు పోయింది అని వచ్చింది. 'హై గ్రేడ్ డిస్ప్లాసియా' అని రాసినారు. సర్జన్ దగ్గరికి పంపినారు. ఆయన మంచివాడే, నెమ్మదిగానే చెప్పినారు. గడ్డ చాలా కిందుంది, కోసి తీస్తే ఆ భాగం పేగు మొత్తం తీయాలి, అతికించింది మానేదాకా పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చు. ఒక్కోసారి ఆ సంచి ఉండిపోవచ్చు కూడా.

ఆ రాత్రి నేను మిషను మీద కూర్చున్నా. పని లేదు. ఊరికే ఒక పాత గుడ్డ మీద కుట్టుకుంటూ పోయినా. సంచితో బ్లౌజులు కుట్టడానికి కూర్చోగలనా, కొలతలకు వచ్చిన ఆడోళ్లకు వాసన వస్తే ఏమనుకుంటారు, ఇవే ఆలోచనలు. చావు ఆలోచన రాలేదు, సంచి ఆలోచనే వచ్చింది. (సంచితో ఏండ్ల తరబడి బాగా బతికేవాళ్లు ఉన్నారని, వాసన రాకుండా ఉండే సంచులు ఉన్నాయని తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు.)

కోయకుండా తీసే దారి ఒకటుందని మాకు కర్నూల్లో ఎవరూ చెప్పలేదు. పాప స్నేహితురాలు హైదరాబాదులో నర్సు. ఆ పిల్ల ఫోటోలు, రిపోర్టు ఫోన్లో పంపమని, తాను పనిచేసే చోట పెద్ద డాక్టరుకు చూపించింది. రెండో రోజు ఫోన్. "తీసుకురండి. చూసి చెప్తారు. ముందే ఇంకోసారి ముక్కలు తీయనియ్యద్దండి." ఆ చివరి మాట ఎందుకో తర్వాత అర్థమయింది. ఎక్కువసార్లు గిల్లినా, సగం తీసి వదిలేసినా, మానే చోట గట్టిపడి లోపలి పొరలు అతుక్కుపోతాయి. అప్పుడు ఒలిచి తీయడం కష్టం. మా కర్నూలు డాక్టరు ఒక్క ముక్కే తీసి ఊరుకున్నారు. ఇంకో దారి ఉందని చెప్పకపోయినా, ఆ మేలు మాత్రం చేసినారు.

ఏప్రిల్ ఎండల్లో కారు మాట్లాడుకొని బయల్దేరినాం. తుంగభద్ర బ్రిడ్జి దాటి, పుల్లూరు టోల్‌గేటు దాటినాక మా మరిది మొదలుపెట్టినాడు. దేశంలోనే పెద్ద పేరున్న కడుపు డాక్టరు నాగేశ్వర్ రెడ్డి గారు మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే చదివినారని, ఈ యేడే పద్మవిభూషణ్ ఇచ్చినారని. మేం పోతున్నది ఆయన దగ్గరికి కాదు, అయినా మా మరిది సొంత అన్న గురించి చెప్పినట్టు బీచుపల్లి దాకా చెప్తూనే ఉన్నాడు. బీచుపల్లి దగ్గర కృష్ణ కనపడితే, కారు దిగకుండానే ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నా.

అక్కడ డాక్టరు ముందు మళ్లీ ఒకసారి ట్యూబుతో చూసినారు. ఈసారి నిద్రమందు లేకుండా, ఎనిమాతో కింది భాగం ఒక్కటే. పక్కనున్న తెర మీద నాకూ కనపడింది. నీలం రంగు చల్లినారు, వెలుతురు మార్చినారు, దగ్గరికి పెంచి చూసినారు. గడ్డ పైన సన్నటి రంధ్రాల్లాంటివి ఉంటాయంట. వాటి వరుస చూసి లోతుకు దిగిందా లేదా చెప్పొచ్చంట. వరుస చెదిరిపోయి, చెరిగిపోయి ఉంటే లోతుకు పోయినట్టు. నేనైతే చీర మీద నేత చూసినట్టే చూసినా. ఒకచోట నేత బాగుంది, ఆ బుడిపె దగ్గర కొంచెం తప్పింది. నాకే కనపడింది అది.

"మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగినారు.

"బ్లౌజులు కుడతా సార్."

"లైనింగ్ వేసి కుడతారు కదా? పేగు కూడా అట్లాంటిదే. లోపల అస్తరు, దాని కింద మెత్తటి దూది లాంటి పొర, ఆ కింద కండ. ఆ పైన బయటి గుడ్డ. మరక అస్తరుకే పట్టింది. బయటి గుడ్డకు కన్నం పడకుండా అస్తరు వరకు తీయాలి."

"ఎట్లా తీస్తారు సార్? అస్తరు అతుక్కొని ఉంటాది కదా?"

ఆయనకు ఆ ప్రశ్న నచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకొని కాగితం మీద బొమ్మ గీసినారు. గడ్డ కింద, ఆ దూది పొరలోకి సూదితో నీలం రంగు కలిపిన మందు నీళ్లు ఎక్కిస్తారు. గడ్డ పొక్కు మాదిరి పైకి లేస్తుంది. అప్పుడు గడ్డకూ కండకూ మధ్య జాగా వస్తుంది. ఆ జాగాలో చిన్న కరెంటు కత్తితో చుట్టూ గీసి, అడుగు నుంచి ఒలుచుకుంటూ పోతారు. కత్తి మొన ఒకటిన్నర మిల్లీమీటర్లు. ట్యూబు లోపల్నుంచే పోతుంది, తెర మీద చూస్తూ పని చేస్తారు. నీలం కనపడినంత సేపు ఆ పొరలోనే ఉన్నట్టు, తెల్లటి కండ కనపడితే చెయ్యి పైకి తిప్పుకోవాల్సిందే. దీన్ని ఈ.ఎస్.డి. అంటారు. జపానులో కడుపు క్యాన్సర్లు ఎక్కువ కాబట్టి 1990ల చివర్లో అక్కడి డాక్టర్లు మొదలుపెట్టినారంట. వాళ్లు చేసిన తొలి కత్తుల్లో ఒకదానికి మొనకు పింగాణీ గుండు పెట్టినారు, లోపల గుచ్చుకోకుండా. మేం లేసు పక్కన కత్తిరించడానికి వాడే కత్తెరకు కూడా ఒక మొన మొండిగా ఉంటుంది. ఎవరి బుర్ర అయినా ఒకే దారిలో పోతుంది.

నీళ్లు ఎక్కిస్తే పొర లేస్తుందంటే నాకు 2009 గుర్తొచ్చింది. ఆ అక్టోబరులో తుంగభద్ర పొంగి పాతబస్తీ మునిగినప్పుడు మా ఇంట్లో మిషను, మూటలు కట్టిన బ్లౌజులు అన్నీ బురదలో పోయినాయి. నీళ్లు దిగినాక చూస్తే గోడల పూత వెనక నీరు చేరి, ఎక్కడికక్కడ ఉబ్బింది. చేత్తో పట్టి లాగితే పూత పెచ్చు పెచ్చుగా ఊడొచ్చింది, లోపల రాయి అట్లే ఉంది. ఆ మాట చెప్తే డాక్టరు, "అదే. సరిగ్గా అదే" అన్నారు. తర్వాత వచ్చిన కుర్ర డాక్టర్లకు కూడా ఆ గోడ కథ చెప్పమన్నారు నన్ను.

"లేవకపోతే?" అని అడిగింది మా పాప.

"లేవకపోతే అది కింద కండకు పట్టుకున్నట్టు. అప్పుడు బలవంతం చేయం, ఆపేసి బయటికొస్తాం. సర్జన్ దగ్గరికి పోవాల్సిందే."

ఇంకో మాట కూడా చెప్పినారు. ఇట్లాంటి వాటిని ఉచ్చు వేసి ముక్కలు ముక్కలుగా తీసే పద్ధతి కూడా ఉంది, తొందరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ ఆ బుడిపె మీద అనుమానం ఉంది కాబట్టి ఒకే ముక్కగా రావాలి. ముక్కలైతే ఏ అంచు ఎక్కడిదో, ఎంత లోతుకు పోయిందో పరీక్ష చేసేవాళ్లకు తెలియదు. చింపి ఇచ్చిన గుడ్డకు కొలతలు తీయమంటే నేను తీయగలనా? అర్థమయింది. రక్తం కారొచ్చు, కండకు రంధ్రం పడొచ్చు, పడితే లోపల్నుంచే క్లిప్పులు వేసి మూస్తాం, మూయలేకపోతే కోయాల్సి వస్తుంది అని రాసిన కాగితం మీద సంతకం పెట్టినా. ఎమ్మారై తీసినారు, ఇనుము ఇంజెక్షన్లు రెండు ఎక్కించినారు. డబ్బులకు నా గొలుసు, పాప గాజులు కుదువకు పోయినాయి. ఆ భాగం ఇంతకంటే రాయబుద్ధి కాదు.

మళ్లీ ఆ పొడి నీళ్లు రెండు లీటర్లు. ఈసారి లాడ్జిలో. లాడ్జి గదికి మరుగుదొడ్డి లోపలే ఉంది, అదొక్కటి సుఖం.

పొద్దున బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోమన్నారు. ఏడున్నరకు లోపలికి తీసుకుపోయినారు. పూర్తి మత్తు ఇస్తామన్నారు. గదిలో మామూలు ఆపరేషన్ థియేటరు మాదిరి పెద్ద దీపాలు లేవు, రెండు తెరలు, ఒక బల్ల, పైన వరుసగా వేలాడేసిన సన్నటి తీగలు. నా దుకాణంలో లేసులు వేలాడదీసినట్టు. ముఖం మీద మాస్కు పెట్టినారు. అంతే.

రెండు గంటల నలభై నిమిషాలు పట్టిందంట. నాకు కన్ను మూసి తెరిచినట్టు ఉంది. తెరవగానే మత్తు డాక్టరమ్మ ముఖం కనపడింది. "లేచిందా?" అని అడిగినా.

"లేచినారమ్మా, మీరు లేచినారు" అనింది ఆయమ్మ.

"నేను కాదమ్మా, గడ్డ. గడ్డ లేచిందా?"

ఆయమ్మ కొంచెంసేపు అర్థం కాక చూసి, లోపలికి పోయి డాక్టరును తీసుకొచ్చింది. ఆయన నవ్వుతూ, "లేచిందమ్మా, మీ గోడ పూత మాదిరే. ఒకే ముక్క. ఒకచోట రక్తనాళం తెగింది, కాల్చి ఆపినాం. కన్నం పడలేదు" అన్నారు. తర్వాత ఫోన్లో ఫోటో చూపించినారు. తీసిన ముక్కను ఒక థర్మాకోల్ పలక మీద చాపి, చుట్టూ గుండుసూదులు గుచ్చి పెట్టినారు. ముడుచుకుపోకుండా, అంచులు తెలిసేట్టు. కట్ చేసే ముందు పట్టుగుడ్డకు మేం గుచ్చినట్టే, ఒకదానికొకటి సమానంగా. 5.2 ఇంటూ 4.6 సెంటీమీటర్లు. ఎవరు గుచ్చినారో గానీ చెయ్యి మంచిది.

"మరి అక్కడ కుట్లు?" అని అడిగినా.

"వేయలేదు. అట్లే వదిలేసినాం."

అది మాత్రం నాకు మనసుకు పట్టలేదు. అరచేయంత అస్తరు చింపేసి, కుట్టకుండా వదిలేయడం ఏంది? ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చుట్టూ ఉన్న పొర దానంతటదే అల్లుకుంటుందంట. అంత పెద్ద పుండు ఉన్నా నొప్పి లేదు, ఎందుకంటే అంత లోపల పేగు అస్తరుకు కోసిన నొప్పి తెలియదంట. పద్నాలుగు నెలలు ఆ గడ్డ నొప్పి లేకుండా పెరిగిందీ అందుకే కదా, అనిపించింది. పొట్ట ఉబ్బరం కూడా పెద్దగా లేదు. లోపల గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ నింపి చేస్తారంట, ఒంట్లోకి తొందరగా ఇంకిపోతుంది.

ఆ రాత్రి మాత్రం 101 జ్వరం, కింది పొట్టలో సలుపు. కరెంటుతో కాల్చిన వేడి కండ దాకా తగిలితే ఒక్కోసారి వస్తుందన్నారు. అయినా కన్నం పడిందేమోనని స్కాను తీసినారు, మందులు ఎక్కించినారు. పాప రాత్రంతా నిద్రపోలేదు, నర్సును గంటకొకసారి లేపింది. తెల్లారేసరికి జ్వరం దిగింది. రెండో రోజు కొబ్బరినీళ్లు, మజ్జిగ. మూడో రోజు మెత్తన్నం పెట్టి పంపించినారు. పద్నాలుగు రోజులు బరువులెత్తొద్దు, గట్టిగా ముక్కొద్దు, కారం తగ్గించండి, దూర ప్రయాణాలు పెట్టుకోవద్దు. కర్నూలు మనిషికి కారం తగ్గించమనడం అంటే మీకు తెలుసు.

ఆడబిడ్డ వచ్చి యాడ కోసినారని అడిగింది ఆ తర్వాతే.

ఎనిమిదో రోజు పొద్దున దొడ్డికి పోతే ఎర్రగా రక్తం, అర టీ కప్పు. గుండె జారిపోయింది. ఫోన్ చేస్తే, రెండు వారాల దాకా ఇట్లా రావడం ఉంటుంది, పుండు మీద పెచ్చు ఊడినప్పుడు వస్తుంది, తల తిరుగుతోందా, మళ్లీ వచ్చిందా, నాడి ఎంతుంది అని అడిగినారు. ఇంకోసారి వస్తే ఒక్క నిమిషం ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రిలో చేరమన్నారు. మేం ఆగలేదు, అప్పుడే గాయత్రి ఎస్టేట్‌లో ఒక ఆసుపత్రికి పోయి సాయంత్రం దాకా పడుకున్నా. మళ్లీ రాలేదు.

రిపోర్టు పదో రోజు పాప ఫోనుకు వచ్చింది. నేను కాజాలు కుడుతున్నా, కూర్చొని చేసే చిన్న పనులు మొదలుపెట్టినా అప్పటికి. పాప చదువుతూ చదువుతూ గోడకు ఆనుకొని కూలబడింది. అందులో క్యాన్సర్ అన్న మాట ఉంది. ఆ బుడిపె అడుగున మొదలయిందంట. మా ఇంటాయన ఏమీ అర్థం కాక ఫ్యాన్ వేసినాడు.

డాక్టరు సాయంత్రం ఫోన్లో దొరికినారు. ఆ సాయంత్రం దాకా ఎట్లా ఉన్నామో నాకు గుర్తులేదు. ఆయన చెప్పింది మాత్రం మాటకు మాట గుర్తుంది. "క్యాన్సర్ కణాలు ఉన్నాయి, నిజమే. దూది పొరలోకి 300 మైక్రాన్లు దిగినాయి. 1000 మైక్రాన్లు దాటకపోతే బాగున్నట్టే మా లెక్క. రక్తనాళాల్లోకి, లింఫు నాళాల్లోకి పోలేదు. అంచులు, అడుగు శుభ్రంగా ఉన్నాయి. కణాలు గుంపు విడిచి చెదరలేదు. ఈ నాలుగూ బాగుంటే తీసేసిందే వైద్యం. ఇంకో ఆపరేషన్ అక్కర్లేదు."

వెయ్యి మైక్రాన్లంటే ఒక మిల్లీమీటరు. మూడు వందలంటే నేను రోజూ సూదిలోకి ఎక్కించే దారం మందం. బయటికి పోయే దారులు, ఆ లింఫు నాళాలు, దూది పొరలోనే ఉంటాయంట. అంతవరకు పోనంత కాలం అస్తరులో ఎంత పెరిగినా దానికి ఊరు దాటే దారి లేదు. నాది గడప దాటింది గానీ వీధిలోకి పోలేదు. ఇంకో పద్నాలుగు నెలలు మజ్జిగ తాగి ఉంటే ఏమయ్యేదో అని నేనెప్పుడూ గట్టిగా ఆలోచించను. రాత్రిపూట అదే వస్తుంది, వచ్చినప్పుడు లేచి నీళ్లు తాగుతా.

డాక్టరు ఇంకోటి చెప్పినారు. అమ్మానాన్నలకో, తోడబుట్టినవాళ్లకో వస్తే మిగతావాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. పాప నలభై ఏండ్లకు చూపించుకోవాలి, నా తమ్ముడు ఇప్పుడే. తమ్ముడు డోన్‌లో ఉంటాడు, 51 ఏండ్లు. "నాకేం రక్తం పడడం లేదు కదక్కా" అన్నాడు. నాకు మాత్రం క్యాన్సర్ అని బోర్డు పెట్టుకొని పడిందా?

అక్టోబరులో మళ్లీ ట్యూబు వేయించుకున్నా. ఈసారి నేనే మత్తు వద్దన్నా. లోపల ఆ చోటు చూడాలని పట్టుబట్టినా. తెర మీద కనపడింది. గులాబీ రంగు అస్తరు మధ్యలో తెల్లటి మచ్చ, చుట్టూ ఉన్న మడతలన్నీ అక్కడికే లాగినట్టు చేరినాయి. పాత పట్టుచీరకు రఫూ చేసిన చోటు వెలుతురుకు పెట్టి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా. కుట్టకుండా వదిలేసినారని ఆరు నెలలు నా మనసులో ఉన్న గొణుగుడు అప్పుడు పోయింది. అక్కడి నుంచి ఒక ముక్క తీసి పంపినారు, ఏమీ లేదని వచ్చింది. మళ్లీ ఏడాదికి రమ్మన్నారు.

ఆ ఫోటో ప్రింటు తీయించుకున్నా. దీపావళికి ఆడబిడ్డ వస్తే ముందర పెట్టినా. "ఇదో వదినా, యాడ కోసినారని అడిగితివే." ఆమె కండ్లద్దాలు పెట్టుకొని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "ఇంతేనా?" అనింది. అని, ఫోటో తిరగేసి బల్ల మీద పెట్టి, పిల్లలు చూస్తారు లోపల పెట్టు అనింది.

తమ్ముడు మాత్రం ఆ ఫోటోను చాలాసేపు చూసినాడు. ఏమీ మాట్లాడకుండా పోయినాడు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, మంగళవారం పొద్దునకు రాయించుకున్నా అన్నాడు. పొడి పొట్లం చేతిలో పట్టుకొని చేసినట్టున్నాడు, కాగితం చప్పుడు వినపడింది.

"అక్కా, దీంట్లో కొంచెం నిమ్మకాయ పిండుకోవచ్చా?"